పగలని సీసాలు

వెంకటరాజు సాధించిన మొదటి ఘనవిజయం ఒక గోలీసోడా సీసా. గోలీ మెడలోనే ఉంది. మూతి ఎక్కడా చెక్క లేవలేదు. పొట్ట మీది ఉబ్బెత్తు అక్షరాలు కళ్ళు మూసుకుని తడిమినా వేలికి తగులుతున్నాయి. మూడు వేసవులు వరసగా తవ్వితే నాలుగో వేసవికి, పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో, తాళ్ళగరువు పాత మునసబుగారి దొడ్డి వెనక అది అతని చేతికి చిక్కింది. అంతకు ముందు దక్కినవల్లా కుండపెంకులు, ఒక గుర్రపునాడా, బోలెడంత వెటకారం. తీరా సీసా మెడ పట్టుకుని మట్టిలోంచి లాగుతుంటే చేతి మీద తేలు కుట్టింది. మరొకడైతే సీసాను అక్కడే విసిరికొట్టి పరుగెత్తేవాడు. వెంకటరాజు ఎడమచేత్తో తేలును విదిలించుకుని, కుట్టిన చేత్తోనే సీసాను గుండెకి హత్తుకుని గోతిలోంచి పైకొచ్చాడు. తేలుమంత్రం వేసే ఆయన ముందు కూర్చున్నప్పుడు కూడా అది ఒళ్ళోనే ఉంది.

"ముందా సీసా కింద పెట్టవయ్యా బాబూ, విషం దిగదు" అని ఆయన గదిమితే, "విషం దిగకపోతే పోనీండి, ఇది మాత్రం నా ఒళ్ళోంచి దిగదు" అన్నాడు.

ఆ మాట ద్రాక్షారామం సంత దాకా పాకింది. ఇప్పటికీ చెప్పుకుంటారు.

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం పోయే దారిలో కాలవ దాటి లోపలికొస్తే తాళ్ళగరువు. వెంకటరాజుకి సొంతం రెండెకరాలు, కౌలు మరికొంత. చదువు ఏడో తరగతి. అయితే గోతిని చూసి అందులో ఏముందో చెప్పగలిగినవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే. ఆ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు, ఊడ్పుల చేలో పుట్టింది.

మా వైపు సేద్యమున్న ఇంటివాళ్ళు గాజుపెంకు పెంటపోగులో వెయ్యరు. పెంటపోగు ఎండల్లో బళ్ళకెక్కి చేలోకి పోతుంది. తొలకరి తరవాత ఆ చేలోనే ఆడవాళ్ళు వట్టికాళ్ళతో, పిక్కల్లోతు బురదలో ఊడుస్తారు. ఒక్క పెంకు చాలు, ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోవడానికి. అందుకని పాతకాలపు మోతుబరులు దొడ్డిలో ఒక వారగా, ఎవరూ అడుగుపెట్టని చోట, గాజుకని వేరే గొయ్యి తీయించేవారు. పగిలిన లాంతరు చిమ్నీ, మూతిపోయిన సిరాబుడ్డి, మందుసీసా, అన్నీ అందులోకే. ఎవరి ఇంటికి పొలముందో వాళ్ళ దొడ్డిలో గాజుగొయ్యి ఉండి తీరుతుందని కనిపెట్టినవాడు వెంకటరాజు. ఎద్దుపేడ ఎక్కడ పోశారో అడిగి, దానికి ఎదురుమూల గునపం దింపేవాడు. గురి తప్పిన రోజులు తక్కువ.

ఆ తరవాత సాధించినవి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ధవళేశ్వరంలో పాత దొరల బంగళా వెనక పింగాణీ సారాయి జాడీ. ద్రాక్షారామం దగ్గర ఒక భోగంవారి పాత లోగిట్లో ఉసిరికాయంత అత్తరుబుడ్డి, బిరడా తీస్తే నలభై ఏళ్ళ నాటి వాసన గది నిండా పరుచుకుంది. కోటిపల్లి రేవు దగ్గర ఆరు పలకల నీలం సీసా, ఒంటి నిండా గరుకు గీతలు. చీకట్లో తడిమినా లోపలున్నది విషమని తెలియడానికి ఆ గీతలు పెట్టారని చెప్పి, రాజమండ్రి కాలేజీ నుంచి వచ్చిన ఆయన్ని వెంకటరాజే ఆశ్చర్యపరిచాడు. పేపరు జిల్లా పేజీలో అతని ఫోటో పడింది. తాళ్ళగరువు పేరు పేపర్లో పడడం అది రెండోసారి. మొదటిసారి ఎవరివల్ల పడిందో ముందు ముందు వస్తుంది.

సీసాలు ఇంటికి తెచ్చాక అతనిదొక పద్ధతి. చింతపండు, ఊక బూడిద వేసి, ఇత్తడి బింద తోమినట్టు తళతళలాడేలా తోమేవాడు. ఆ మీదట జాతుల వారీగా వేరు చేసేవాడు. సోడా సీసాలు సోడా సీసాలతో, మందు సీసాలు మందు సీసాలతో, సిరాబుడ్లు సిరాబుడ్లతో. వీధి అరుగు మీద టేకు చెక్కల అలమర కట్టించి అందులో బారులు తీర్చేవాడు. భార్య సూర్యకళ ఆ అరుగు మీద అప్పడాలు ఎండబెట్టుకోవడం మానేసి ఏళ్ళయింది.

ఊరూరా సైకిలు మీద తిరిగి పాత సామాను కొనే చిట్టియ్యకి ఆ అలమర కంటగింపు.

"రాజుగారండీ, నేను తిరిగేది సీసాల కోసమే, తమరు తవ్వేదీ సీసాల కోసమే. నన్ను చూస్తే కుక్కలు మొరుగుతాయి, తమర్ని చూస్తే పేపరోళ్ళు ఫోటో తీస్తారు. ఏం న్యాయమండీ ఇది?"

"నువ్వు సీసా చూడగానే తూకమేస్తావురా చిట్టియ్యా. నేను చదువుతాను" అనేవాడు వెంకటరాజు, మీసం కింద నవ్వుతూ. "ఒక్క గొయ్యి చూపించు, ఆ ఇంట్లో ఎవరేం తిన్నారో, ఎవరేం తాగారో, ఎవరికి ఏ రోగమో చెప్పేస్తాను."

చెప్పేసేవాడు కూడా. ఆ ధీమాయే అతన్ని దెబ్బతీసింది.

తాళ్ళగరువు పేరు మొదటిసారి పేపర్లో పడింది అచ్చాయమ్మగారి వల్ల. ఆవిడ తండ్రి వీరవెంకటసత్యనారాయణగారు స్వరాజ్యం రోజుల్లో కల్లు దుకాణం ముందు అడ్డంగా పడుకుని, పోలీసు దెబ్బలు తిని, జైలుకెళ్ళిన మనిషి. గ్రంథాలయంలో గాంధీగారి పటం పక్కన ఆయన పటం ఉంది. తండ్రి పోలిక కూతురిది. భర్త పోయాక పుట్టింటికే వచ్చి ఉండిపోయారు. తొంభై మూడులో సారాకి ఎదురుతిరిగిన ఆడవాళ్ళకి ముందు నిలబడి, గంగయ్య సారా కొట్టుకి తన చేత్తో తాళం వేశారు. "మా నాన్నగారు పడుకున్న చోటే నేను నిలబడ్డాను" అన్నారు, పేపరువాళ్ళు అడిగితే. అరవై దాటిన మనిషి, ఆ వేళ ఆవిడ గొంతు కాలవ అవతలికి వినబడింది.

తొంభై ఆరు వేసవిలో ఆ అచ్చాయమ్మగారే వెంకటరాజుని పిలిపించారు.

"మా దొడ్డి తవ్వుకుంటానని రెండేళ్ళ నుంచీ అడుగుతున్నావు. తవ్వుకో నాయనా. కాకపోతే ఒక్క మాట."

"చెప్పండి దొడ్డమ్మగారూ."

"మా నాన్నగారి సిరాబుడ్డి ఒకటి ఉండేది. జైలు నుంచి వచ్చాక దానితోనే అర్జీలు రాసేవారు. చిన్నప్పుడు నేనే ఎక్కడో పోగొట్టాను. అది దొరికితే నాకియ్యి. మిగతావన్నీ నీవే."

"సిరాబుడ్డి మీ చేతిలో పెట్టాకే మిగతావి ముట్టుకుంటాను, చూడండి" అని మాటిచ్చాడు వెంకటరాజు.

పనసచెట్టుకి ఇవతల దింపాడు గునపం. మోకాలి లోతు దాటగానే బ్రాందీ సీసా తగిలింది. దాని పక్కన వేలెడంత మందుసీసా. ఇంకాస్త దిగితే మరో బ్రాందీ సీసా, దాని పక్కన మళ్ళీ అలాంటి చిన్నదే. అలా ఆరు పెద్దవి, ఆరు చిన్నవి. ఒక్కటి పగల్లేదు. ఒక్కదానికి చెక్క లేవలేదు. పెద్దవాటి మీద ఫ్రెంచి అక్షరాలు. ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న యానాం సరుకన్నమాట. ఇన్నేళ్ళ తవ్వకంలో ఒకే గోతిలో ఇన్ని పగలని సీసాలు అతనికి ఎన్నడూ దొరకలేదు. చిన్నవాటిలో అడుగున ఎండిపోయిన మందు గట్టిగా అంటుకుని ఉంటే, రెండు రోజులు నానబెట్టి మరీ తోమాడు. సిరాబుడ్డి సంగతి మరిచేపోయాడు. బ్రాందీ సీసాలు పై అరలో బారుగా పెట్టాడు. చిన్నవి తీసుకెళ్ళి మందుసీసాల అరలో, మిగతా మందుసీసాల మధ్య సర్దేశాడు. రాజమండ్రి డాక్టరుగారొకరు ముచ్చటపడితే చిన్నవాటిలో ఒకటి ఆయనకి ఇచ్చేశాడు కూడా.

ఆ ఏడు పంద్రాగస్టుకి హైస్కూల్లో వెంకటరాజు సీసాల ప్రదర్శన పెట్టించారు హెడ్మాస్టరు సత్యప్రసాద్‌గారు. ఒక్కో బల్ల మీద ఒక్కో జాతి, ఒక్కో అట్ట. బ్రాందీ సీసాలకి మధ్య బల్ల, అన్నిటికన్నా ఎత్తుగా. దానికి అట్ట మీద ఏం రాయాలో వెంకటరాజే చెప్పాడు: "శ్రీ వీరవెంకటసత్యనారాయణగారి దొడ్డిలో లభించిన విదేశీ బ్రాందీ సీసాలు. ఒక్కటీ పగల్లేదు."

సత్యప్రసాద్‌గారు కలం ఆపి, "ఆ పేరు అవసరమాండీ?" అని అడిగారు.

"ఎక్కడ దొరికిందో రాయకపోతే సీసాకి విలువేముందండి మేష్టారూ? ఊరికే అందరికీ దొరుకుతాయేంటి ఇలాంటివి? పెద్దింటి గొయ్యి కనక దొరికాయి. ఆ ఇంటికి కూడా గౌరవమే."

అతను కపటంతో అన్న మాట కాదు. సీసా పగలకుండా ఉండడమే అతనికి గొప్ప. అందులో ఏముండేదన్నది అతనికి రెండో సంగతి. ఊరికి మాత్రం అదే మొదటి సంగతి. పైగా మద్యనిషేధం రోజులు. తాగాలంటే గౌతమి గట్టు వెంట దొంగచాటుగా, నిషేధం లేని యానాం పోవాలి.

జెండా ఎగరేశాక జనం గదిలోకి వచ్చారు. సారా కొట్టు పోయాక ఎస్టీడీ బూత్ పెట్టుకున్న గంగయ్య ఆ అట్టని పైకి చదివాడు, ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఆయ్! ఎంత మాట, ఎంత మాట! మేం ఇప్పుడిప్పుడు కనిపెట్టాం గానీ యానాం దారి, ఈ మహానుభావుడు ఆ రోజుల్లోనే తొక్కారన్నమాటండీ. పగలు కల్లు దుకాణం ముందు, రాత్రి దొడ్లో. మా కొట్టుకి తాళమేసిన అమ్మగారు ఇంట్లో కొట్టుకి వెయ్యలేదేంటండీ మరి?"

గది గొల్లుమంది. నవ్వు సగంలో తెగిపోయింది. గుమ్మంలో అచ్చాయమ్మగారున్నారు. పిల్లలకి మిఠాయి పంచడానికి ఆవిణ్ణే పిలిచారు ఆ రోజు.

ఆవిడ గంగయ్య వైపు చూడలేదు. మధ్య బల్ల దగ్గరికొచ్చి ఆ ఆరు సీసాలూ చూశారు. అక్కణ్ణించి మందుసీసాల బల్ల దగ్గరికి వెళ్ళి, ఇరవై ముప్ఫై సీసాల మధ్య వెతుక్కుంటున్నట్టుగా, వేలెడంతవి ఒక్కొక్కటే ముట్టుకున్నారు. ఆ తరవాత వెంకటరాజుని అడిగారు, చాలా మెల్లిగా.

"వీటిని వాటి పక్కనించి ఎందుకు తీసేశావు నాయనా?"

వెంకటరాజుకి అర్థం కాలేదు. "అవి మందుసీసాలు కదండీ దొడ్డమ్మగారూ, ఆ జాతి వేరు" అన్నాడు.

ఆవిడ తలూపారు. మిఠాయి పళ్ళెం ఒక టీచరమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఇంటికి తాళం పడింది. తాళంచెవి సూర్యకళ చేతికిచ్చి, పట్టిసీమలో కూతురింటికి ప్రయాణమయ్యారు. "ఎప్పుడొస్తారండీ?" అంటే, "ఈ ఊళ్ళో నాకింకేం పనమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి ఊళ్ళో గాలి మారింది. తొంభై మూడులో ఆవిడ వెనక నడిచిన ఆడవాళ్ళు వెంకటరాజు అరుగు ముందు నుంచి మొహం తిప్పుకుని పోయేవారు. కుళాయి దగ్గర సూర్యకళ బింద పెడితే, "జరగండమ్మా, యానాం సీసాల వారొచ్చారు" అనేవారు. మగవాళ్ళు రాత్రిళ్ళు గట్టు దాటి వెళ్ళొచ్చి, "సత్తెన్నారాయణగారి ప్రసాదం పుచ్చుకున్నాం" అని నవ్వుకునేవారు. గ్రంథాలయంలో ఆయన పటానికి ఎవడో వెక్కిరింపుగా అగ్గిపెట్టె కాగితపు దండ వేసిపోయాడు. వెంకటరాజే వెళ్ళి దాన్ని తీసేశాడు. తీస్తున్నప్పుడు ఆ పటంలోని మనిషి కళ్ళలోకి చూడలేకపోయాడు. నిజంగా తాగే మనిషేనా అని అతనికే అనుమానం. అనుమానం ఉన్నా, లేకపోయినా, ఆ అట్ట రాయించినది తనే. గునపం అటక మీదికి ఎక్కించేశాడు.

పట్టిసీమకి రెండుసార్లు ఉత్తరం రాయబోయి, "దొడ్డమ్మగారికి నమస్కారములు" దగ్గరే ఆగిపోయాడు. ఏ తప్పు క్షమించమని రాయాలో అతనికి ఇంకా సరిగ్గా తెలియదు.

నవంబరులో తుఫాను వచ్చింది. ఆ గాలివాన సంగతి ఇక్కడివాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి కొబ్బరితోటలు దువ్వెన పళ్ళు విరిగినట్టున్నాయి. నీళ్ళు తీశాక సూర్యకళ తాళంచెవి తీసి భర్త చేతిలో పెట్టింది.

"అచ్చాయమ్మగారి పెంకులెన్ని లేచిపోయాయో చూసి రండి. ఆవిడ మనల్ని నమ్మి ఇచ్చిన ఇల్లు."

ఇంటికి పెద్దగా ఏం కాలేదు. దొడ్లో పనసచెట్టు వేళ్ళతో సహా పెకలించుకుని పడి ఉంది. ఆ వేళ్ళ మధ్య, ఎర్రమట్టిలో, ఒక బ్రాందీ సీసా. దాని ఒంటికి ఆనించి ఒక చిన్న మందుసీసా. రెండింటికీ చుట్టిన గుడ్డ చివికి పోగులైంది. ఆ పోగుల్లో నల్లపూసలు, నాలుగైదు, పసిబిడ్డ మణికట్టుకి కట్టేంత చిన్నవి.

ఈసారి వాటిని తోమలేదు. మట్టితోనే కండువాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

సూర్యకళ చేటలో బియ్యం ఏరుతోంది. కండువా విప్పి ముందు పెడితే చెయ్యి ఆపేసింది.

"ఎక్కడివండీ ఇవి?"

"పనసచెట్టు కింద. గుడ్డలో చుట్టి ఉన్నాయి, పక్కపక్కన పడుకోబెట్టినట్టు."

"పడుకోబెట్టినట్టేంటండీ, పడుకోబెట్టారు." నల్లపూసలు అరచేతిలోకి తీసుకుంది. "అంతకు ముందు దొరికినవి కూడా ఇలాగే ఉన్నాయా? జతలు జతలుగా?"

వెంకటరాజు తలూపాడు.

"మీరు వాటిని విడదీసి వేరే అరలో పెట్టారు."

"అవి మందుసీసాలు కదే..."

"అయ్యో రాత! ఇన్నేళ్ళు ఊరిమీది గోతులన్నీ తవ్వారు, ఒక్కసారి ఇంట్లోదాన్ని అడిగితే ఏం పోయేదండీ?" చేట పక్కకి తోసేసింది. "మన పెద్దది పుట్టినప్పుడు మా అమ్మ నాకు రోజూ రాత్రి చెంచాడు బ్రాందీ పట్టేది. వాసనొస్తోందని మీరు గుమ్మంలోంచే ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు, గుర్తులేదూ?"

"అది... మందన్నారు కదా?"

"మందే. బాలింతకి వాతం చెయ్యకుండా పడతారు. మా అమ్మమ్మ నాటి నుంచీ ఉన్నదే. పురిటి గదిలో మాట, మగవాళ్ళ దాకా రాదు. పురిటికో సీసా. ఆ తల్లి కోసం యానాం నుంచి తెప్పించి ఉంటారు ఆ మహానుభావుడు. పగలు కల్లు దుకాణం ముందు పడుకుని, రాత్రి పెళ్ళాం ప్రాణం కోసం బ్రాందీ తెచ్చుకోవడమంటే ఎంత నలిగిపోయి ఉంటాడండీ ఆ మనిషి!"

"మరి ఈ చిన్నది?"

సూర్యకళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మగారు కిరసనాయిలు సీసా మూతి విరిగితే గుడ్డ కుక్కి ఎన్నేళ్ళు వాడారు? ఆ రోజుల్లో సీసా అంటే ఇంట్లో ఒక వస్తువు. పగిలితేనే పారేసేవాళ్ళు. పగలని సీసాని, సగం మందుతో సహా, ఎవరు గోతిలో వేస్తారండీ? బిడ్డ దక్కకపోతే వేస్తారు. పోయిన బిడ్డ మందు ఇంకో బిడ్డకి పట్టరు. ఆ పురిటికి వాడిన ఏ సరుకూ మళ్ళీ ఇంట్లో ముట్టుకోరు. ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ పగల్లేదు అని ఊరంతా చెప్పుకున్నారే, అవి పగలకపోవడమేనండీ ఆ తల్లి కడుపుకోత."

అప్పటికి ఆరు జతలు. ఇది ఏడోది. అచ్చాయమ్మగారు తప్ప ఆ ఇంట్లో మరో బిడ్డ పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆవిడ పుట్టినప్పటి సీసాలు ఏ ఆముదానికో వాడి వాడి ఎప్పుడో పగిలిపోయి ఉంటాయి. వీటిని ఎందుకు తీసేశావని ఆవిడ అడిగినది ఇదన్నమాట. ఒక్క మాట చెప్పి ఉంటే గంగయ్య నోరు మూతపడేది. అన్ని మగమొహాల ముందు తల్లి పురిటి గది తలుపు తియ్యడం ఇష్టం లేక, తండ్రి మీద పడిన నవ్వును ఆవిడ తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయారు.

వెంకటరాజు లేచి అలమర దగ్గరికి వెళ్ళాడు. మందుసీసాల అరలోంచి వేలెడంతవన్నీ తీసి కింద పరిచాడు. బ్రాందీ సీసాలు దించాడు. ఏ చిన్నది ఏ పెద్దదాని పక్కన దొరికిందో ఇక చెప్పలేడు. మట్టి రంగు బట్టి చెప్పేవాడు, దాన్ని చింతపండుతో కడిగేశాడు. అడుగున ఎండిన మందు బట్టి చెప్పేవాడు, దాన్ని నానబెట్టి గీకేశాడు. తళతళా మెరుస్తున్నాయి అన్నీ, ఒకేలా. ఒక జతని జత చేసి, కాదనిపించి, మళ్ళీ విడదీశాడు. చదువుతానని చిట్టియ్యతో బడాయి పోయినవాడు, చేతిలో ఉన్నంతకాలం చదవలేదు. చదవాలనిపించేసరికి చెరిపేసి ఉంది.

"అచ్చాయమ్మగారికైనా తెలుస్తుందంటావా, ఏది దేనిదో?" అన్నాడు.

"ఆవిడకెలా తెలుస్తుందండీ? తెలిసిన తల్లి ఎప్పుడో పోయింది."

ఊళ్ళో ఈ సంగతి చెప్పేస్తానని బయల్దేరబోతే సూర్యకళ అడ్డుపడింది. "ఆవిడ దాచుకున్న మాట చెప్పడానికి మీరెవరు? మొదటిసారి అడక్కుండా రాయించారు. రెండోసారీ అడక్కుండానేనా?" అంది. చెబితే ఆ తల్లి పరువు వీధిలో పడుతుంది, చెప్పకపోతే ఆ తండ్రి పరువు వీధిలోనే ఉంటుంది. ఏది చెయ్యాలన్నా పట్టిసీమలో ఆవిడ నోటి మాట కావాలి.

అటక మీది గునపం దించి ఆఖరిసారి ఆ గొయ్యి తవ్వాడు, మాటిచ్చిన సిరాబుడ్డి కోసం. దొరికింది, మూడు ముక్కలై. బాగా వాడిన వస్తువు, పగిలే దొరికింది. ఆ మూడు ముక్కలూ రుమాల్లో కట్టుకున్నాడు. గొయ్యి పూడ్చేశాడు. రాజమండ్రి వెళ్ళి డాక్టరుగారి గాజుబీరువాలోంచి ఆ చిన్న సీసాని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. "ఇచ్చిన వస్తువు తిరిగి అడుగుతారేంటండీ?" అని ఆయన చిరాకుపడితే, "నాది కాదండీ అది, నేనివ్వకూడదు" అన్నాడే గాని కారణం చెప్పలేదు. మామిడిపళ్ళ బుట్టలో ఎండుగడ్డి పరిచి, మొత్తం అన్నిటినీ సర్ది, డిసెంబరు రెండో వారంలో కొవ్వూరు మీదుగా పట్టిసీమ బస్సెక్కాడు. బుట్ట ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కండక్టరు పైన వేస్తానంటే ఇవ్వలేదు.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అయిదో రోజు గంగయ్య తన బూత్ నుంచి స్వయంగా వచ్చి సూర్యకళని పిలిచాడు. పట్టిసీమ నుంచి ఫోనని. బూత్ చిన్నది. అవతలి గొంతు గట్టిది. గంగయ్య బయటికి పోలేదు, బల్ల వెనక కూర్చుని విన్నాడు.

"ఏమ్మా సూర్యకళా, మీ ఆయన మూడు రోజులు మా అరుగు మీదే కూర్చున్నాడు, బుట్టతో. మా అమ్మాయి లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. నిన్న నేనే రమ్మన్నాను."

"ఏమన్నారండీ ఆయన?"

"ఏమనలేదు. బుట్ట విప్పాడు. జతలు కలపడం తెలియడం లేదు దొడ్డమ్మగారూ అని ఏడ్చాడు. నాకూ తెలియదు నాయనా అన్నాను. మా అమ్మకొక్కదానికే తెలుసు. జతలుగా పూడ్చేదని విన్నాను గాని, ఎక్కడో నాకెప్పుడూ చూపలేదు. ముక్కోటి ఏకాదశి శుక్రవారం వచ్చింది కదా. ఆ వేళ స్నానం చేసి, చిన్నవన్నీ గోదారమ్మకి ఇచ్చేస్తాను. పడవ అతనే మాట్లాడాడు. అతన్నీ ఉండమన్నాను. పెద్దవి మాత్రం ఊరికి పంపిస్తున్నాను. బడిలోనే పెట్టమను."

"దొడ్డమ్మగారూ, మళ్ళీ ఎందుకండీ..."

"పెట్టమనమ్మా. దేనికోసం తెచ్చిన సీసాలో రాసి పెట్టమను. దాచాను కాబట్టే నవ్వారు. అట్ట మీద మా నాన్నగారి పేరు తీసేసి మా అమ్మ పేరు రాయించు. బుల్లెమ్మ. అంత కష్టపడిన మనిషి పేరు ఆ ఊళ్ళో ఎక్కడా లేదు."

సూర్యకళ "మీరు కూడా వస్తారా అండీ?" అని మాత్రం అడిగింది.

"పనసచెట్టు పడిపోయిందటగా, వచ్చి చూడాలి" అన్నారు అచ్చాయమ్మగారు. ఆ మాటతో ఫోను వెంకటరాజు చేతికి ఇచ్చేశారు.

సూర్యకళ బయటికొస్తుంటే గంగయ్య లేచి నిలబడ్డాడు. "హెడ్మాస్టరుగారింటికి నేనెళ్ళి చెప్పొస్తానండి, ఆ అట్ట సంగతి" అన్నాడు.

కొత్త అట్ట సత్యప్రసాద్‌గారు రాసి ఉంచారు. అలమరలో పై అర ఖాళీగా ఉంది. అచ్చాయమ్మగారి అరుగు సూర్యకళ కడిగించింది, ఎవరొస్తారని ఆమెని ఎవరూ అడగలేదు. వెంకటరాజు మాత్రం ఏకాదశి మర్నాడు, డిసెంబరు ఇరవై ఒకటి, శనివారం, సాయంత్రం బస్సుకి వస్తానన్నాడు.